అంబాసిడర్‌లో మ్యాటు కింద

మొదట్లో కార్లు మన ఎడ్లబండి లెక్కే. కింద బలమైన ఇనుప ఛాసిస్, దాని మీద బాడీ. ఫోర్డ్ మోడల్ టీలో కాళ్ల కింద ఉన్నవి చెక్క పలకలే. పుచ్చితే తీసేసి వేరేవి వేసుకునేవారు, బండి బలానికేం లోటు రాదు.

తర్వాత విడి ఛాసిస్ లేని కార్లొచ్చాయి. 1934లో ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ తెచ్చిన ట్రాక్షన్ అవాంట్ అలాంటిదే. రేకులన్నీ వెల్డింగ్‌తో ఒకటై, బాడీయే బరువు మోస్తుంది. పిల్లర్ల ఇంటికీ, గోడల మీదే స్లాబు నిలిచే ఇంటికీ ఉన్న తేడా అన్నమాట. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఇలా కట్టిందే. అదే కోల్‌కతా దగ్గర ఉత్తర్‌పారాలో మన అంబాసిడర్‌గా 1950ల చివర నుంచి 2014 దాకా తయారైంది.

అంటే అంబాసిడర్ ఫ్లోరు ఆ గోడల్లో ఒకటి. మా మామగారి కారులో మ్యాటు ఎత్తితే రోడ్డు కనబడుతోంది. "ఓ రేకు ముక్క వేయిస్తే పోలా?" అన్నారు అత్తయ్య. పిల్లలు ఎక్కే బండి, అలా పోదని నా వాదన. తలుపుల కింద పొడవునా ఉండే సిల్లులు, ఫ్లోరు, అడ్డకమ్మీలు కలిసే కారు నడుం వంగకుండా ఆపుతాయి. ముందు చక్రాల బరువు మోసే టార్షన్ బార్లు కూడా వెనక్కి వచ్చి ఫ్లోరు కింది అడ్డకమ్మీకే బిగుసుకుంటాయి.

అద్దం రబ్బరు ఎండిపోయి వాననీరు లోపలికి దిగుతుంది. మ్యాటు కింది ఫెల్టు ఆ తడిని వారాల తరబడి పట్టి ఉంచుతుంది. పైన పెయింట్ మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది!

తుప్పు మీదే రేకు అతికి తారు పూస్తే రెండు పొరల మధ్య తేమ చిక్కి మళ్లీ తినేస్తుంది. స్క్రూడ్రైవరుతో పొడుస్తూ, గట్టి ఇనుము తగిలేదాకా కోసెయ్యాలి. కోసే ముందు తలుపుల ఖాళీల్లో కడ్డీలు అడ్డంగా బిగించాలి. లేకపోతే బాడీ వంగిపోయి, తర్వాత తలుపులు పడవు. రెండు సిల్లులూ ఒకేసారి ముట్టుకోకూడదు. కొత్త రేకుని చీర ఫాల్‌కి ముందు టాకాలు వేసినట్టు అక్కడో చుక్క, ఇక్కడో చుక్క వెల్డింగ్ చేయాలి. ఏకబిగిన లాగితే వేడికి అలలు తేలుతుంది. ఆపైన జింక్ ప్రైమర్, అతుకుల్లో సీలర్.

అడుగున నీళ్లు పోవడానికి చిన్న కన్నాలుంటాయి. షెడ్డులో హడావిడిగా వాటినీ తారుతో మూసేస్తారు. కారు తెచ్చుకునేటప్పుడే వంగి చూసి, పుల్లతో తెరిపించుకోండి.