ఇస్తాంబుల్ పిల్లుల రాజ్యం, దాని వెనక ఒక దీవి కథ

ఫోన్ తీస్తే ఇస్తాంబుల్ పిల్లుల రీల్స్ మీకూ కనిపిస్తూనే ఉంటాయి కదా. టీ కొట్టు కుర్చీలో పిల్లి, షాపు కౌంటర్ మీద పిల్లి, మసీదు కార్పెట్ మీద పిల్లి. ఎవరూ "ఛీ, పో" అనరు. కింద కామెంట్లలో అందరూ "ఎంత మంచి మనుషులో" అని రాస్తారు. నిజమే. కానీ ఇదే ఊళ్లో 1910లో ఏం జరిగిందో తెలిస్తే ఈ రీల్స్ వేరేగా కనిపిస్తాయి. ఈరోజు ఎపిసోడ్ దాని గురించే.

ముందు పిల్లుల సంగతి. ఇస్తాంబుల్ 1453లో ఒట్టోమన్ల చేతికి వచ్చింది. పెద్ద ఓడరేవు, కొయ్య ఇళ్లు, ధాన్యం గోదాములు. ఎలుకలకు పండగే. ఎలుకలున్న చోట పిల్లికి ఉద్యోగం గ్యారంటీ కదా. దానికి తోడు, ఇస్లాంలో పిల్లిని శుభ్రమైన జంతువుగా చూస్తారు. పిల్లి మూతి పెట్టిన నీళ్లతో కూడా వజూ చేసుకోవచ్చని హదీసు ఉంది. ప్రవక్త సహచరుల్లో ఒకాయన్ని అందరూ పిలిచే పేరే అబూ హురైరా, అంటే పిల్లికూన తండ్రి అని.

మనమేమో పాలూ పెరుగూ ఉట్టి మీద దాచుకున్నవాళ్లం. పిల్లి ఎదురొస్తే కాసేపు ఆగి బయల్దేరేవాళ్లం. పిసినారిని "పిల్లికి కూడా బిచ్చం పెట్టడు" అంటాం. అక్కడ పిల్లికి పెట్టడం వీధి మొత్తం పని. పేటను వాళ్లు "మహల్లె" అంటారు. హైదరాబాద్‌లో మనం వినే మొహల్లా అదే మాట, రెండూ అరబీ నుంచి వచ్చినవే. అక్కడి వీధి పిల్లి ఏ ఒక్క ఇంటిదీ కాదు, మహల్లెది అన్నమాట.

ఇప్పుడు అసలు విషయం. ఒకప్పుడు కుక్కలు కూడా మహల్లెవే. ఒక్కో పేటకు ఒక్కో గుంపు ఉండేది. జనం మిగిలిన తిండి పెట్టేవారు, అవి రాత్రిళ్లు కాపలా కాసేవి. మతపరంగా కుక్క లాలాజలం అశుద్ధం. అయినా ఇంట్లోకి రానివ్వకుండానే, వందల ఏళ్లు వాటిని పోషించారు.

1908లో యంగ్ టర్కులు అధికారంలోకి వచ్చారు. రాజధాని యూరప్ నగరాల్లా కనిపించాలి అనుకున్నారు. ఆ లెక్కలో వీధి కుక్కలు వెనకబాటుతనానికి గుర్తు అయిపోయాయి. 1910లో వేల కొద్దీ కుక్కల్ని పట్టి, మర్మరా సముద్రంలో హయిర్సిజ్ అనే రాతి దీవిలో వదిలేశారు. తిండి లేదు, తాగడానికి నీళ్లు లేవు. దాదాపు అన్నీ అక్కడే చచ్చిపోయాయి. వాటి ఏడుపులు ఊళ్లోకి వినిపించేవని అప్పటివాళ్లు చెప్పుకున్నారు.

ఒకసారి ఆలోచించండి. మతం మారలేదు, మనుషులు మారలేదు, కుక్కలూ మారలేదు. మారింది ఒక్కటే, ఊరు ఎవరి కళ్లకు అందంగా కనిపించాలి అన్నది. పిల్లి చిన్నది, చప్పుడు చెయ్యదు, ఎవరినీ తరమదు. ఆ కళ్లకు అది అడ్డం అనిపించలేదు.

పిల్లి మీద ప్రేమ అబద్ధమని కాదు. 2016లో టొంబిలి అనే వీధి పిల్లి చనిపోతే, అది ఎప్పుడూ మోచెయ్యి ఆన్చి కూర్చునే చోటే జనం అడిగి మరీ విగ్రహం పెట్టించుకున్నారు. హగియా సోఫియాలో పెరిగిన గ్లీ అనే పిల్లిని 2009లో ఒబామా కూడా నిమిరారు. 2004లో వచ్చిన చట్టం ప్రకారం వీధి జంతువుల్ని పట్టి, ఆపరేషన్ చేసి, టీకా వేసి, మళ్లీ అదే వీధిలో వదలాలి.

కానీ 2024లో ఆ చట్టాన్నే మార్చారు. వీధి కుక్కల్ని షెల్టర్లకు తరలించాలన్నారు. కుక్కకాటు బాధితులు దాన్ని సమర్థించారు. వాళ్ల భయం కూడా నిజమైనదే. ఇంకొందరు మాత్రం వెంటనే 1910ని గుర్తుచేసి రోడ్డెక్కారు.

అందుకే ఫ్రెండ్స్, ఒక ఊరి మనసు తెలియాలంటే అందరికీ ముద్దొచ్చే పిల్లిని చూస్తే సరిపోదు. ముద్దు రాని జంతువుతో ఏం చేసిందో కూడా చూడాలి. మన మొహల్లాకైనా లెక్క అదే. మీ వీధి పిల్లికి తిండి పెట్టేది ఎవరో, తరిమేది ఎవరో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.