ఒంగోలు వృషభము: శాసనము, ఋణము

శ్రీమద్భగవద్గీత అష్టాదశాధ్యాయంలో వైశ్యధర్మాన్ని నిరూపిస్తూ భగవానుడు కృషిని, గోరక్షణను ఒకే సమాసంలో కూర్చాడు. దున్నేవాని ఇంటనే గోవంశం నిలుస్తుందని అందలి ధ్వనిగా నేను గ్రహిస్తాను. మన గుంటూరు, ప్రకాశం సీమల చరిత్ర ఇందుకు సాక్ష్యం.

ఇక్కడి నల్లరేగడి వానకు జిగటై, ఎండకు బీటలు వారుతుంది. పత్తికీ మిరపకూ దానిని దున్నిపెట్టినది ఒంగోలు వృషభం. శ్వేతవర్ణం, ఉన్నతమైన మూపురం, వ్రేలాడే గంగడోలు దాని లక్షణాలు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేవరకు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది. ఆ పాత పేరే సముద్రం దాటి బ్రెజిల్‌లో ‘నెలోరె’ అయింది. 1960ల ఆరంభంలో ఒంగోలు చెంతనున్న కరవది పేరుతో వెళ్లిన ఆబోతు అక్కడ ప్రఖ్యాత బీజవృషభమైంది. నేడు ఆ దేశపు మాంసపు మందలలో అధికభాగం ఈ వంశమే. మనం నందీశ్వరుడని మ్రొక్కిన జాతి అక్కడ వధకై వర్ధిల్లింది. మ్రొక్కిన చోట క్షీణించింది. ఈ వైపరీత్యాన్ని భక్తులు పరులపై కోపంతో దాటవేయరాదు.

శాసనాలు లేకపోలేదు. రాజ్యాంగపు 48వ అధికరణం గోవధ నిషేధంతోపాటు పశుజాతుల సంరక్షణను, అభివృద్ధిని కూడా ఆదేశించింది. రెండవది మనకు అంతగా స్ఫురించదు. 1958లో సుప్రీంకోర్టు గోవధ నిషేధాన్ని సమర్థించి, పనికిరాని ఎద్దుల విషయంలో సంపూర్ణ నిషేధాన్ని అంగీకరించలేదు. 2005లో గుజరాత్ వ్యాజ్యంలో ఆ అభిప్రాయాన్ని మార్చుకొన్నది. ఆంధ్రప్రదేశ్ 1977 చట్టం మాత్రం ఆవును, దూడను రక్షించి, ఎద్దు విషయంలో ధ్రువపత్రాన్ని నియమించింది. సేద్యానికి, సంతానోత్పత్తికి అక్కరకు రాదని అధికారి తేల్చితే వధకు అనుమతి లభిస్తుంది.

ట్రాక్టరు వచ్చిన పొలంలో యౌవనంలో ఉన్న ఎద్దైనా దేనికి అక్కరకు వస్తుంది? పాలకు గేదె ఉన్నది, దుక్కికి యంత్రం ఉన్నది. కోడెదూడ సంతకు పోతుంది. లాం, చదలవాడ క్షేత్రాలలో జాతిని కాపాడుతున్నారు, తిరునాళ్ల బండలాగుడు పందేలకై కొందరు రైతులు జతలను పోషిస్తున్నారు. (ఆ పందేలలోని ములుగర్ర దెబ్బలను నేను సమర్థించను.) కోటప్పకొండకు ఒకప్పుడు ఎడ్లు లాగిన ప్రభలు ఇప్పుడు ట్రాక్టర్లపై వస్తున్నాయి. స్వామివారి ఎదుట నంది మాత్రం శిలగా కూర్చునే ఉన్నాడు.

మన ఆలయాలకు ఇంకా మాన్యాలు ఉన్నవి. వాటిని కౌలుకిచ్చేటప్పుడు కొన్ని ఎకరాలనైనా ఎడ్లతోనే దున్నాలన్న షరతు పెట్టి, ఆ మేరకు కౌలు తగ్గించవచ్చును. ఆ లోటును హుండీ భరించగలదు.