అరుగు బడి, సర్కారు బడి

మొన్న ఆఫీసులో టీ తాగుతుంటే ఓ మిత్రుడు "తెల్లవాడు రాకముందు మనకి ఊరూరా బడులుండేవి, సర్కారు బడొచ్చి అన్నిటినీ చెడగొట్టింది" అని తేల్చేశాడు. సగం నిజమే. 1822లో మద్రాసు గవర్నరు మన్రో బడుల లెక్కలు అడిగితే, మా పల్నాడు కలిసున్న గుంటూరు జిల్లాలో 574 తేలాయి. అరుగు మీద పంతులుగారు, ఇసకలో అక్షరాలు. పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకి చెప్పే ఆ పద్ధతి చూసే ఆండ్రూ బెల్ మద్రాసు నుంచి ఇంగ్లండుకి పట్టుకెళ్ళాడు. పంతులుగారి బతుకు మాత్రం పిల్లల ఇళ్ళ నుంచి వచ్చే గింజల మీదే. తర్వాత్తర్వాత పరీక్షలో ఎంతమంది గట్టెక్కితే అంత గ్రాంటు అన్నారు. మన అప్రైజలే అనుకోండి :) ఇన్‌స్పెక్టరంటే ఆయనకి ప్రేమ ఎక్కణ్ణుంచి వస్తుంది?

సరే, ఆ అరుగుల మీద కూర్చున్నదెవరు? అవే లెక్కల్లో తెలుగు జిల్లాల్లో బ్రాహ్మణ పిల్లల వాటా తమిళ జిల్లాలకంటే బాగా ఎక్కువ. మాల మాదిగ పిల్లలకి అరుగెక్కే వీలే లేదు. 1849లో లూథరన్ మిషనరీ హేయర్ గురజాల వచ్చాకే ఆ పల్లెలకి చదువు దారి కనబడింది. 1895లో వినుకొండలో పుట్టిన జాషువాకి బడి దొరికింది గానీ అవమానం తప్పలేదు.

1986 జాతీయ విద్యావిధానం పనికెళ్ళే పిల్లలకి అనియత విద్యా కేంద్రాలు చాలంది. అంటే పగలు మిరపకాయలు, రాత్రి అక్షరాలు! రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ శాంతా సిన్హా దీనికి ఒప్పుకోలేదు. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలేనన్నారు. వాళ్ళు నడిపిన బ్రిడ్జి క్యాంపులూ బడి బయటి చదువులే, కానీ వాటి పని పిల్లల్ని వయసుకు తగ్గ తరగతికి సిద్ధంచేసి మామూలు బడికి అప్పజెప్పడం. 2009 విద్యాహక్కు చట్టంలోకీ ఆ ఆలోచన వచ్చింది.

నాకిది కొత్తగా అనిపించలేదు. మాచర్ల దగ్గర మా ఊళ్ళో రాత్రిబడి నడిపిన ఓ పెద్దాయన సర్కారు బడిని తిట్టని రోజుండేది కాదు. కానీ లాంతరు ముందు కూర్చోగానే మొదటి ప్రశ్న "పొద్దున బడికెళ్ళావా?" అనే. లేదంటే మర్నాడు ఆ ఇంటిముందు వాలేవాడు.

"అక్షరాలంటే నేనూ చెప్తానమ్మా, పదోతరగతి కాయితం నేనియ్యలేనుగా. నా దగ్గరికి పంపకపోయినా సరే, పిల్లని మిరపచేలోకి మాత్రం తీసకపోమాక."