గడ్డకట్టని జిగురుముద్ద



వేసవిలో తాటిముంజె తిన్నవారికి హైడ్రోజెల్ అనగానేమో నేను విస్తరించి చెప్పనక్కరలేదు. అదియు నట్టిదే. అందలి యధికభాగము నీరు, అయినను కారిపోదు. కంటికి కానరాని పోగులు వలవలె నల్లుకొని యా నీటిని పట్టియుంచును. దీనికి శత్రువు చలి. నీరు మంచైనపుడు స్ఫటికములు పెరిగి వలను నొక్కివేయును, మెత్తనిది పెళుసగును.

ఈ చెఱుపునే జపానువారు లాభముగా మార్చుకొనిరి. 17వ శతాబ్దమున క్యోటో సమీపమందలి ఫుషిమిలో నొక సత్రపు యజమాని, మిగిలిన సముద్రపునాచు జిగురును చలిరాత్రి బయట పాఱవైచెనట. అది రాత్రి గడ్డకట్టి, పగలు కరగి, నీరు వీడి, బెండువలె నెండి మిగిలెనని చెప్పుదురు. కథ యెట్లున్నను పద్ధతి నిజము. మన యంగళ్లలో చైనాగ్రాస్ అను పేర నమ్మునది యా నాచుసరకే.

1960లో ప్రాగు నగరమున ఒట్టో విక్టర్లే, ద్రహోస్లావ్ లిమ్ అను రసాయనవేత్తలు దేహమునకు సరిపడు హైడ్రోజెలులను ప్రకటించిరి. కంటిలో నుంచుకొను మెత్తని యద్దములు వాని ఫలమే. కంటిలో చలిబాధ లేదు. కాని యంత్రమునకు చర్మముగనో, దేహపు కదలికను పసిగట్టు పట్టీగనో మంచుసీమకు గొనిపోవలెనన్న, ఆ ముద్ద బిఱుసెక్కి విఱిగిపోవును.

చేపల కీ చిక్కు ముందే తీఱినది. అంటార్కిటికా యొద్ద మెక్‌మర్డో సముద్రజలము సున్నకు దిగువ 1.9 సెంటీగ్రేడు డిగ్రీల వఱకు చల్లబడును. సాధారణమైన చేప రక్త మంతకుముందే గడ్డకట్టును. అచ్చటి చేపలు సుఖముగా నీదుచున్నవి. వాని రక్తమున చక్కెరతో గూడిన మాంసకృత్తులున్నవనియు, నవి మంచు పెరుగకుండ నాపుననియు డెవ్రీస్ అను శాస్త్రజ్ఞుడు 1969 నాటికి కనుగొనెను. మంచురవ్వ పుట్టగానే యవి దాని నంటుకొనును.

మనుష్యులు మాత్ర ముప్పుదారి పట్టిరి. ఐస్‌క్రీము చేయువాడు మంచులో నుప్పు కలుపుట మీరు చూచియుందురు. ఉప్పునీరు సున్నవద్ద గడ్డకట్టదు. 2018లో హార్వర్డు విశ్వవిద్యాలయ పరిశోధకులు హైడ్రోజెలునకు కాల్షియం క్లోరైడు పట్టించిరి. లవణకణములు నీటి యణువులను తమచుట్టు బిగించుటచే నవి మంచుగా కూడజాలవు. సున్నకు దిగువ 57 డిగ్రీలవద్దను ఆ ముద్ద సాగెను! గ్లిసరిను కలుపువారును కలరు.

అంత లవణమును పుండుపై నెట్లుంచగలము? నా దృష్టిలో నిదియే యీ విద్య కసలైన పరీక్ష. చేపల మాంసకృత్తు మృదువైనదే గాని, గడ్డకట్టుటను ఒకటి రెండు డిగ్రీలు మాత్రమే వెనుకకు నెట్టగలదు. అందుచే నిపుడు కొందఱు దానిని పోలిన పోగులతో ముద్దలల్లి, మంచును పూర్తిగా మాన్పక, స్ఫటికములను చిన్నవిగా నిలిపి, జీవకణములను చలిలో భద్రపఱచ యత్నించుచున్నారు.