రాజీనామాకు బలం ఎక్కడిది? – కట్టమంచి రామలింగారెడ్డి, త్సాయ్ యువాన్‌పెయ్

1923 నవంబరు 28న మద్రాసు శాసనమండలిలో ఒక అవిశ్వాస తీర్మానం ఓటుకు వచ్చింది. భారతదేశపు చట్టసభల్లో ఒక మంత్రివర్గం ఎదుర్కొన్న తొలి అవిశ్వాస తీర్మానం అదేనంటారు. తీర్మానానికి అనుకూలంగా 44 ఓట్లు, వ్యతిరేకంగా 65 ఓట్లు పడ్డాయి. పానగల్ రాజా మంత్రివర్గం గట్టెక్కింది. తీర్మానాన్ని ప్రవేశపెట్టిన వ్యక్తి వృత్తిరీత్యా రాజకీయ నాయకుడు కాదు. ఆయన కేంబ్రిడ్జిలో చదివి, బరోడాలోనూ మైసూరులోనూ పాఠాలు చెప్పిన కట్టమంచి రామలింగారెడ్డి.

అదే సంవత్సరం జనవరిలో చైనాలో పెకింగ్ విశ్వవిద్యాలయాధ్యక్షుడు త్సాయ్ యువాన్‌పెయ్ తన పదవికి రాజీనామా చేశారు. న్యాయవ్యవస్థలో విద్యామంత్రి జోక్యం చేసుకోవడం ఆయన నిరసనకు కారణం. విద్యావేత్త రాజకీయాల్లో అడుగుపెట్టినప్పుడు ఆయన వెంట సైన్యం ఉండదు, ధనబలం ఉండదు, చాలాసార్లు కులబలమూ పూర్తిగా కలిసిరాదు. చేతిలో మిగిలేది ఒక్కటే, పదవిని వదులుకోగలగడం. అది ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు పనిచేయదు అన్న ప్రశ్నకు ఈ ఇద్దరి జీవితాలు కొంత జవాబు చెబుతాయి.

త్సాయ్ 1868లో షావొషింగ్‌లో పుట్టారు. పాత చైనా రాజ్యం నిర్వహించే అత్యున్నత పరీక్షలో 1892లో ఉత్తీర్ణులై, రాజాస్థానపు పండిత పరిషత్తులో చేరారు. 1898 నాటి సంస్కరణోద్యమం అణగారిపోయాక ఆస్థానాన్ని వదిలి బడులు నడిపారు. నడివయసులో జర్మనీ వెళ్ళి లైప్‌జిగ్‌లో చదువుకొన్నారు. 1912లో చైనా గణతంత్ర రాజ్యానికి తొలి విద్యామంత్రి అయ్యారు. యువాన్ షికాయ్ నిరంకుశ ధోరణి నచ్చక కొద్ది నెలలకే తప్పుకొన్నారు. 1917లో పెకింగ్ విశ్వవిద్యాలయ బాధ్యత చేపట్టి, భిన్నాభిప్రాయాలవారిని ఒకే కప్పు కిందకు తెచ్చారు. సాంప్రదాయాన్ని ఎదిరించిన చెన్ దూషియు, హూ షిలతోపాటు రాచరికాన్ని సమర్థించే గూ హొంగ్‌మింగ్ కూడా అక్కడ పాఠం చెప్పేవారు.

1919 మే 4న జరిగిన ప్రదర్శనలో విద్యార్థులు అరెస్టయ్యారు. త్సాయ్ ఇతర కళాశాలల అధిపతులతో కలిసి వారి విడుదలకు కృషి చేశారు. మే 7న వారు విడుదలయ్యాక రాజీనామా చేసి బీజింగ్ విడిచిపోయారు. ఆయన తిరిగి రావాలని విద్యార్థులు, అధ్యాపకులు పట్టుబట్టారు. దేశమంతటా సమ్మెలు సాగాయి, షాంఘైలో వర్తకులు దుకాణాలు మూశారు. సెప్టెంబరులో త్సాయ్ మళ్ళీ తన పదవిలోకి వచ్చారు.

ఇక రామలింగారెడ్డి చిత్తూరు దగ్గరి కట్టమంచిలో 1880లో పుట్టారు. మద్రాసులో చదువుతున్న రోజుల్లోనే ‘ముసలమ్మ మరణము’ కావ్యం రాశారు. కేంబ్రిడ్జిలో విద్యార్థుల చర్చాసంఘానికి ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. మైసూరు సంస్థానంలో విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ స్థాయికి ఎదిగి, ఆ ఉద్యోగం మాని రాజకీయాల్లోకి వచ్చారు. జస్టిస్ పార్టీ పక్షాన శాసనమండలిలో ప్రవేశించిన ఆయన, పానగల్ రాజా ఏకపక్ష ధోరణిని నిరసిస్తూ పార్టీ నుంచి బయటికి నడిచారు. పైన చెప్పిన తీర్మానం దాని పర్యవసానమే. విశేషమేమిటంటే, ఆయన కూల్చబోయిన ఆ మంత్రివర్గం హయాంలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయ చట్టం వచ్చింది. 1926లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి రామలింగారెడ్డే.

1930లో ఉప్పు సత్యాగ్రహం మీద ప్రభుత్వం సాగించిన అణచివేతకు నిరసనగా ఆయన ఆ పదవి వదులుకొన్నారు. ప్రభుత్వం చలించలేదు. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ స్థానంలోకి వచ్చారు, పని సాగిపోయింది. రెడ్డి నిరసనలో నిజాయితీ త్సాయ్ నిరసనలో ఉన్నదానికి తీసిపోదు. మరి ఫలితం ఎందుకు వేరయింది? ఒకే మందు రెండు శరీరాల మీద ఒకే తీరుగా పనిచేయదు. వైద్యులెవరైనా మందుతోపాటు శరీరాన్ని కూడా చూస్తారు. 1919 నాటి పెకింగ్ విశ్వవిద్యాలయంలో ఒకే ఆవరణలో బతికే విద్యార్థులు, అధ్యాపకులు ఉన్నారు. 1930 నాటి ఆంధ్ర విశ్వవిద్యాలయం నాలుగేళ్ళ పసిది. ప్రధానంగా అది జిల్లాల్లో చెదిరి ఉన్న కళాశాలలకు పరీక్షలు జరిపే సంస్థ. ఉపకులపతి వెళ్ళిపోతే వీధిలోకి వచ్చి అడిగే సమూహం అక్కడ ఇంకా తయారుకాలేదు. రాజీనామాకు బలం ఆ పత్రం మీది సంతకంలో కన్నా, దాని వెనుక నిలబడే మనుషుల్లో ఎక్కువగా ఉంటుంది.

అటువంటి సమూహం రాత్రికి రాత్రి తయారుకాదు. రెడ్డి 1936లో మళ్ళీ ఉపకులపతి అయి, 1949 వరకు పదమూడేళ్ళు అక్కడే ఉన్నారు. యుద్ధకాలంలో వాల్తేరు ప్రాంగణాన్ని సైన్యం తీసుకొన్నప్పుడు విశ్వవిద్యాలయాన్ని గుంటూరులో నిలబెట్టారు. ఇదే కాలంలో, 1942లో, బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన ‘సర్’ బిరుదును స్వీకరించారు. క్విట్ ఇండియా ఉద్యమం నడిచిన ఏడు అది. 1930 నాటి రాజీనామాను మెచ్చుకొనేవారు ఈ బిరుదును దాటవేయడం న్యాయం కాదు. త్సాయ్ జీవితంలోనూ అటువంటి మచ్చ ఉంది. 1927లో కమ్యూనిస్టుల ఏరివేతను ఆయన సమర్థించారు. అయిదేళ్ళ తరువాత సూంగ్ చింగ్‌లింగ్, లూ షూన్‌లతో కలిసి రాజకీయ ఖైదీల హక్కుల కోసం సంఘం పెట్టారు. 1933లో ఆ సంఘ కార్యదర్శి యాంగ్ షింగ్‌ఫో షాంఘైలో హత్యకు గురయ్యారు. త్సాయ్ 1928లో స్థాపించిన జాతీయ పరిశోధన సంస్థకు 1940లో మరణించేవరకు అధ్యక్షులుగా ఉన్నారు. రెడ్డి 1951లో కన్నుమూశారు.

ఇద్దరి రాజకీయ పదవులూ స్వల్పకాలికమైనవే. మిగిలినవి వారు పెంచిన సంస్థలు. నేనుంటున్న ఇర్వింగ్ చుట్టుపక్కల, కోస్తా ఆంధ్రలో చదివి వచ్చిన ముందుతరం తెలుగు వైద్యుల పట్టాలు చాలావాటి మీద ఆంధ్ర విశ్వవిద్యాలయం పేరే ఉంటుంది. 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం రాకముందు అక్కడి వైద్య కళాశాలల్లో కొన్నింటికి పట్టాలు ఇచ్చింది అదే. ఆ పట్టాల మీద మనం కృతజ్ఞతతో తలచుకోవలసింది 1930లో పదవి వదిలి వెళ్ళిన రెడ్డిని మాత్రమే కాదు, 1936లో తిరిగివచ్చి, విమర్శలు మోస్తూ పదమూడేళ్ళు పనిచేసిన రెడ్డిని కూడా. విశ్వవిద్యాలయాల స్వేచ్ఛ మీద ప్రభుత్వాల ఒత్తిడి పెరిగినప్పుడల్లా ఎవరు రాజీనామా చేస్తారా అని ఎదురుచూస్తాం. అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఆయన రాజీనామా చేస్తే వెనుక నిలబడేది ఎవరు? పట్టా పుచ్చుకొని దూరదేశం వచ్చిన మనకు కూడా ఆ ప్రశ్న వర్తిస్తుంది.