అయిదు సరుకులు, ఒక కొలత

ఇంట్లో కాక్‌టెయిల్ చేసుకోవాలనుకునే స్నేహితులు ముందు అడిగేది సీసాల గురించి కాదు, సామాన్ల గురించి. ఆన్‌లైన్‌లో ‘బార్ సెట్’ అని వెతికితే పది పన్నెండు వస్తువుల పెట్టె కనిపిస్తుంది: షేకర్, జిగ్గర్, స్ప్రింగున్న వడపోత, మెలికలు తిరిగిన పొడవాటి చెంచా, మడ్లర్, పటకారు, వీటన్నిటికీ ఒక చెక్క స్టాండు. వీటిలో నిజంగా కావలసినవి ఏవి? దీనికి జవాబు రివ్యూల్లో కంటే చరిత్రలోనే బాగా దొరుకుతుందని నాకనిపిస్తుంది. ప్రతి పనిముట్టూ ఏదో ఒక సరుకు వెనకాలే వచ్చింది. ఆ సరుకు లేకపోతే దానికి పనే లేదు. పైగా ఈ కథ మొదలయ్యేది న్యూయార్క్‌లో కాదు, మన కోస్తాలో.

నాది చంద్రగిరి. మా ఊరి రాజమహల్ చూడ్డానికి వచ్చినవాళ్ళకి 1639 కథ వినిపించకుండా ఉండదు: ఈస్టిండియా కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డేకి మద్రాసు నేల దక్కిన కథ. ఆ నేల ఇచ్చిన దామెర్ల వెంకటాద్రి నాయకుడు, అరవీటి పెద వెంకటరాయల కింద అధికారం చేసినవాడు. అంతకుముందు డే ఉద్యోగం పులికాట్ దగ్గరి దుర్గరాజపట్నంలో. ఇంగ్లీషువాళ్ళు దాన్ని అర్మగాం అనేవారు. ఇంకా ఉత్తరానికి పోతే ఇప్పటి బాపట్ల జిల్లా నిజాంపట్నం. వాళ్ళ కాగితాల్లో దాని పేరు పెట్టపోలి, అక్కడ 1611లోనే కంపెనీ కొఠీ పెట్టింది.

1632 సెప్టెంబర్ 28న ఆడమ్స్ అనే కంపెనీ మనిషి, పెట్టపోలిలో ఉన్న కోలీ అనే మిత్రుడికి ఒక ఉత్తరం రాశాడు. ‘పంచ్’ అనే పానీయం పేరు కాగితం మీదకెక్కిన తొలి సందర్భంగా చరిత్రకారులు చూపించేది ఆ ఉత్తరాన్నే. మీకు మంచి తోడు దొరికింది, ఇల్లు చక్కగా నడుపుకోండి అంటూ పంచ్ తాగడం గురించి కూడా ఒక మాట అంటాడు. ఆ మాటని రెండు రకాలుగా చదవచ్చు. ‘రేషను లెక్క లేకుండా తాగండి’ అన్నది ఒకటి, ‘ఎట్టి పరిస్థితుల్లోనూ తాగకండి’ అన్నది రెండోది. ఏ రకంగా చదివినా ఆయన మాట్లాడుతున్నది కొలత గురించే.

పంచ్ అంటే ఏమిటి? సారా, నిమ్మరసం, చక్కెర, నీళ్ళు, జాజికాయలాంటి సుగంధద్రవ్యం. 1670లలో మన దేశం తిరిగిన జాన్ ఫ్రయర్, అయిదు సరుకులు కాబట్టి ‘పంచ’ నుంచి ఆ పేరు వచ్చిందని తన పుస్తకంలో రాశాడు. కాదు, పీపాకి ఇంగ్లీషులో ఉన్న ‘పంచెన్’ అనే మాట నుంచి వచ్చిందనేవాళ్ళూ ఉన్నారు. పేరు సంగతి ఎలా ఉన్నా సరుకులు మాత్రం మనకి బాగా తెలిసినవే. ఈరోజుకీ నిమ్మకాయలకి గూడూరు, బెల్లానికి చిత్తూరు. దీనికి కావలసిన సామాన్లు కూడా వంటింటివే: ఒక పెద్ద గిన్నె, గరిటె, నిమ్మకాయ పిండడానికి చెయ్యి, జాజికాయ అరగదీయడానికి ఏదైనా గరుకైనది. పంచ్ ఇంగ్లండు చేరాక గిన్నె పింగాణీదయ్యింది, గరిటె వెండిదయ్యింది. పని మాత్రం మారలేదు.

కాక్‌టెయిల్ అనే మాటకి తొలి నిర్వచనం 1806లో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ పట్టణపు పత్రికలో వచ్చింది: మద్యం, చక్కెర, నీళ్ళు, బిట్టర్స్. అంటే పంచ్‌లో నిమ్మ పోయి చేదు వచ్చింది. గిన్నెడు పానీయం ఒక గ్లాసుకి కుదించుకుంది. ఆ తర్వాత వచ్చిన పెద్ద మార్పు ఐసు. అమెరికన్ చెరువుల్లో గడ్డకట్టిన నీటిని కోసి ఓడలకెత్తే వ్యాపారం పెరిగింది. 1833లో ఆ ఐసు కలకత్తా చేరింది. మద్రాసు మెరీనా ఎదురుగా ఉన్న ఐస్‌హౌస్, అంటే ఇప్పటి వివేకానంద ఇల్లం, ఆ వ్యాపారానికి మిగిలిన గుర్తు.

ఐసు వచ్చాకే షేకర్‌కి పని పడింది. మొదట్లో బార్లలో ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి ఎత్తి పోసేవాళ్ళు, అచ్చం మనం దబరా–గ్లాసుతో కాఫీ తిరగబోసినట్టు. తర్వాత రెండు గ్లాసుల్నీ ఒకదాని మూతి మీద ఇంకోటి బోర్లించి ఊపడం మొదలైంది. మూత, జల్లెడ కలిసున్న మూడు ముక్కల షేకర్‌కి 1884లో, రెండు గరాటుల్ని మొదళ్ళ దగ్గర అతికించినట్టుండే జిగ్గర్‌కి 1893లో అమెరికాలో పేటెంట్లు వచ్చాయి.

ఈ వరస చూస్తే ఏది కొనాలో తేలిపోతుంది. నిమ్మరసం పడే పానీయాన్ని ఐసుతో ఊపాలి. ఒట్టి మద్యాలే కలిసేదాన్ని కలిపితే చాలు. ఊపడానికి ఒకదాంట్లో ఒకటి బిగిసే రెండు స్టీలు గ్లాసులు, కలపడానికి పొడవాటి చెంచా, వడపోతకి టీ ఫిల్టర్, పుదీనా నలపడానికి చిన్న రోకలి. ఇవన్నీ ఇంట్లో ఉన్నవే. లేనిది ఒక్కటే, కొలత. మన వంటింటి కొలతలు సోలతో మొదలై గిద్ద దగ్గర ఆగిపోతాయి. ఇక్కడ కావలసింది అంతకంటే చిన్నది. 60 మిల్లీలీటర్ల రమ్ముకి నిమ్మరసం 20 దగ్గర ఆగాల్సింది 30కి పోతే గ్లాసు మొత్తం పులుపే. అందుకే ముందుగా కొనాల్సింది లోపల 15, 30, 45, 60 గీతలున్న జిగ్గర్. షేకర్ కొనడానికి తొందరేం లేదు.

ఈ కథలో మనం సౌకర్యంగా దాటేసే సరుకు ఒకటుంది. పంచ్‌కి మూలం సారా. అదే కోస్తా వెనక, నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. అక్షరదీపం పాఠాలు చదువుకుంటూ తమ ఇళ్ళ లెక్క తామే వేసుకున్నవాళ్ళు వాళ్ళు. 1993 అక్టోబర్ 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు. వాళ్ళడిగింది కొలిచి తాగమని కాదు, దుకాణమే వద్దని. ‘వారుణి వాహిని’ పేరుతో ప్రభుత్వమే ప్యాకెట్ సారా ఊరూరికీ పంపిన రోజుల్లో, ఎంత తాగాలన్న లెక్క తాగేవాడి చేతిలోనూ లేదు, కూలి డబ్బు కోసం ఎదురుచూసే ఇల్లాలి చేతిలోనూ లేదు. అది కాంట్రాక్టరు చేతిలో, ఖజానా చేతిలో ఉండేది.

అపార్ట్‌మెంట్ బాల్కనీలో 30 మిల్లీలీటర్లు కొలుచుకుని, చాలనుకున్నప్పుడు ఆపగలగడం రుచికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. అది జీతానికీ చదువుకీ సంబంధించిన వెసులుబాటు కూడా. జిగ్గర్ ధర మహా అయితే కొన్ని వందలు. దానితోపాటు మనకి దొరికే నిర్ణయాధికారం మాత్రం పక్క ఊళ్ళో చాలామందికి ఏ ధరకీ దొరకలేదు. ఆ సంగతి తెలిసి కొలుచుకుంటే మంచిది.