15 సెకన్లలో మాయమైన కామెంట్

యూట్యూబ్ వీడియో కింద చైనీస్ లిపిలో ‘గాంగ్‌ఫెయ్’ అని రాస్తే, ఆ కామెంట్ దాదాపు 15 సెకన్లలో మాయమైపోతోందని 2020 మే నెలలో గుప్పుమంది. ‘కమ్యూనిస్టు బందిపోట్లు’ అని ఆ మాటకు అర్థం. డబ్బు పుచ్చుకుని ఇంటర్నెట్‌లో చైనా ప్రభుత్వాన్ని వెనకేసుకొచ్చే వాళ్లను వెక్కిరించే ‘ఉమావో’ అనే మాటకూ అదే గతి. ‘ఉమావోలు అద్భుతంగా పనిచేస్తున్నారు’ అని మెచ్చుకుంటూ రాసినా పోయేది. అవే మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే మాత్రం చెక్కుచెదరకుండా ఉండేవి.

చైనాలో 2009 నుంచీ యూట్యూబ్ రాదు. అలాంటి కంపెనీ చైనా పాలకుల పరువు కాపాడుతోందా అని జనం మండిపడ్డారు. తమ వ్యవస్థల్లో పొరపాటు జరిగినట్టుందని కంపెనీ చెప్పింది. కోవిడ్ వల్ల యంత్రాల మీద ఆధారపడటం పెరిగిందనీ అంది. కానీ ఫిర్యాదులు 2019 అక్టోబరు నుంచే ఉన్నాయి, అప్పటికి కోవిడ్ ఊసే లేదు. అది పొరపాటేనని నేను నమ్ముతాను. నమ్మని వాళ్లను మాత్రం తప్పుపట్టలేను. అన్ని నెలలు అడిగినా జవాబు రాకపోతే ఎవరికైనా అనుమానం రాదా?

కామెంట్లను వడగట్టే ఈ జల్లెడలు మొదట ఉత్త మాటల జాబితాలు. 1996లో ఇంగ్లండ్‌లోని స్కంథార్ప్ వాసులు ఏఓఎల్ అనే ఇంటర్నెట్ సేవలో ఖాతా తెరవలేకపోయారు. ఆ ఊరి పేరు స్పెల్లింగులో ఒక బూతుమాట అక్షరాలు వరసగా వస్తాయి, అదీ వాళ్లు చేసిన నేరం.

తర్వాత జాబితాల స్థానంలో నేర్చుకునే యంత్రాలు వచ్చాయి. యూట్యూబ్ యజమాని అయిన గూగుల్‌కే చెందిన జిగ్‌సా అనే విభాగం 2017లో ‘పర్‌స్పెక్టివ్’ను బయటపెట్టింది. వికీపీడియా చర్చాపేజీల్లోని వ్యాఖ్యల్ని మనుషులకు చూపించి, ఏది విషం కక్కుతోందో గుర్తు పెట్టించి, ఆ గుర్తుల నుంచి యంత్రం నేర్చుకునేలా చేశారు. ఏ వ్యాఖ్య ఇచ్చినా అది సున్నా నుంచి ఒకటి దాకా మార్కు వేస్తుంది. కొద్ది రోజులకే వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు తిట్టులో ఒక అక్షరం అటూ ఇటూ చేసి, మధ్యలో ఒక చుక్క పెట్టి దాన్ని బోల్తా కొట్టించారు. అంతకన్నా బాధపెట్టేది ఇంకొకటి ఉంది. ‘నేను గేని’ అని ఎవరైనా తన గురించి తాను మామూలుగా చెప్పుకున్నా యంత్రం ఎక్కువ మార్కు వేసింది. అది చదివిన వ్యాఖ్యల్లో ఆ మాట ఎక్కువగా తిట్లలోనే కనిపించింది మరి! తిట్టినవాళ్ల పాపం తిట్లు తిన్నవాళ్లకు చుట్టుకుంది. 2018లో గూగుల్ పరిశోధకులే దీన్ని వివరిస్తూ పరిశోధనా పత్రం రాశారు. తిట్టు లేకుండా ఆ మాటలు వచ్చే వాక్యాలను అదనంగా చదివించి, కొంతవరకు సరిదిద్దారు.

యంత్రాలే వద్దనడానికి లేదు. 2022 మొదటి ఆరు నెలల్లో యూట్యూబ్ తీసేసిన స్పామ్ కామెంట్లే 110 కోట్ల పైచిలుకు. అన్ని చదవడం మనుషుల వల్ల అయ్యే పని కాదు. నా కోపమంతా చెప్పాపెట్టకుండా తీసేయడం మీద. ఒక ఛానెల్ యజమాని మనల్ని ‘హైడ్’ చేస్తే మన కామెంట్ ఇంకెవరికీ కనబడదు, ఆ సంగతి మనకు ఎవరూ చెప్పరు. నియమాలకు విరుద్ధమని కామెంట్ తీసేసినప్పుడు రాసినవాళ్లకు ఆ కబురు పంపుతామని యూట్యూబ్ ప్రకటించింది 2022 డిసెంబరులో. అదీ మొదట ఇంగ్లీషు కామెంట్లకే.

మనవాళ్లు కామెడీ సీను చూసి ‘సచ్చినోడా, నవ్వించి చంపావు కదరా’ అని రాస్తారు. ఎక్కువమంది ఇంగ్లీషు అక్షరాల్లోనే, ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగుతో. చావు, చంపడం రెండూ ఉన్న ఆ వాక్యం నిండా మెచ్చుకోలే. దాన్ని యంత్రం తీసేస్తే, ఎందుకు తీసిందో రాసినవాళ్లకు తెలుగులో చెప్పాలి. కాదు, ఇది పొగడ్తేనని వాళ్లు మొరపెట్టుకుంటే, తెలుగు తెలిసిన మనిషి ఒకరు దాన్ని చదవాలి.